3-0తో ముగిసిన 2008 సన్ బౌల్: తరచుగా అడిగే ప్రశ్నలు

డిసెంబర్ చివర్లో అమెరికాలో టీవీ పెడితే చాలు, ఏదో ఒక ఛానల్లో కాలేజీ ఫుట్‌బాల్ (మనం ఆడే సాకర్ కాదు, చేత్తో పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్) బౌల్ గేమ్ వస్తూనే ఉంటుంది. ఎమ్మెస్‌కి కొత్తగా వచ్చిన మన పిల్లలు, మనవల్ని చూడటానికి వచ్చిన పెద్దవాళ్లు సోఫాలో పక్కన కూర్చుని అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాళ్లకి నేను ఈ ఆట నేర్పేది 50 పాయింట్ల మ్యాచ్ పెట్టి కాదు. ఒక్కసారి మాత్రమే స్కోరు కదిలిన ఒక పాత మ్యాచ్ పెడతాను. ఫుట్‌బాల్‌లో నేల కోసం జరిగే పోరాటం అందులో కనిపించినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు. ఆ మ్యాచ్ గురించి వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఇంతకీ ఏ మ్యాచ్ ఇది?

2008 డిసెంబర్ 31న టెక్సాస్‌లోని ఎల్ పాసోలో జరిగిన సన్ బౌల్. ఒరెగాన్ స్టేట్ 3, పిట్స్‌బర్గ్ 0. క్వార్టర్‌కి 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు ఆడితే స్కోరుబోర్డు మారింది ఒక్కసారే. అది కూడా రెండో క్వార్టర్ చివర్లో. ఆ తర్వాత సగం ఆటంతా 3-0 అలాగే నిలబడిపోయింది. అక్కడ మధ్యాహ్నం ఎండలో ఈ ఆట సాగుతుంటే ఇక్కడ మన ఊళ్లలో అర్ధరాత్రి దాటి 2009 వచ్చేసింది.

నాకు క్రికెట్, కబడ్డీ తప్ప ఏమీ తెలియదు. అర్థమవుతుందా?

కబడ్డీ తెలిస్తే సగం తెలిసినట్టే. రెండూ ఎదుటివాడి నేల మీదికి వెళ్లే ఆటలే.

మైదానం పొడవు 100 గజాలు. రెండు చివర్లా గోల్ గీత దాటాక పదేసి గజాల ఎండ్ జోన్ ఉంటుంది. వెడల్పు 53 గజాల పైచిలుకు. గజం అంటే మనం ప్లాట్లు కొనేటప్పుడు మాట్లాడుకునే గజమే. ఎండ్ జోన్లతో కలిపి మొత్తం 6,400 చదరపు గజాలు. అంటే తెలంగాణ లెక్కలో ఎకరం 13 గుంటలు, ఆంధ్ర లెక్కలో ఎకరం 32 సెంట్లు. ఇరవై ఇద్దరు మనుషులు ఆ ఎకరంపావు చెక్క కోసం మూడు గంటలకు పైగా కొట్టుకుంటారు. అసలు ఆడేది 60 నిమిషాలే, కానీ గడియారం ఆగుతూ ఆగుతూ నడుస్తుంది.

బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు ఇస్తారు. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్తే మళ్లీ కొత్తగా నాలుగు డౌన్లు వస్తాయి. కబడ్డీలో రెండు రెయిడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై అవుతుంది కదా, ఆ టెన్షనే ఇక్కడ మూడో డౌన్‌లో మొదలవుతుంది. నాలుగో డౌన్‌కి వచ్చేసరికి మూడు దారులు మిగులుతాయి: తెగించి ఆ పది గజాలకి ప్రయత్నించడం, గోల్ పోస్టులు అందేంత దగ్గర్లో ఉంటే బంతిని వాటి మధ్యలోంచి తన్ని ఫీల్డ్ గోల్ కొట్టడం, ఏదీ కుదరకపోతే బంతిని కాలితో దూరంగా తన్ని ఎదుటి జట్టుకి అప్పగించడం. ఈ మూడోదాన్ని పంట్ అంటారు. ఈ మ్యాచ్ కథలో దానిదే పెద్ద పాత్ర, అందుకే దాని గురించి కింద విడిగా రాశాను.

బంతిని ఎదుటివాళ్ల ఎండ్ జోన్‌లోకి చేరిస్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు, దాని తర్వాత కిక్ కొడితే ఇంకో 1. కిక్ వద్దనుకుని మళ్లీ ఎండ్ జోన్‌లోకి తీసుకెళ్తే 2. ఫీల్డ్ గోల్‌కి 3. బంతి ఉన్నవాడిని వాళ్ల సొంత ఎండ్ జోన్‌లోనే పడగొడితే సేఫ్టీ, దానికి 2.

బౌల్ గేమ్ అంటే ఫైనలా?

కాదు. సీజన్ బాగా ఆడిన కాలేజీ జట్లను సీజన్ అయిపోయాక ఏదో ఒక నగరానికి పిలిచి, వేరే ప్రాంతపు జట్టుతో ఆడించే ఒక్క మ్యాచ్ అది. 1902లో కాలిఫోర్నియాలోని పసడీనాలో కొత్త సంవత్సరం రోజున మొదలైన సంప్రదాయం. ఆ ఊళ్లో తర్వాత గిన్నె ఆకారంలో కట్టిన స్టేడియానికి రోజ్ బౌల్ అని పేరు పెట్టారు. ఆ పేరు చూసి మిగతా నగరాలు కూడా ఆరెంజ్ బౌల్, షుగర్ బౌల్, కాటన్ బౌల్ అంటూ ఎవరి పంట పేరు వాళ్లు పెట్టుకున్నారు. ఎల్ పాసోకి ఎండ ఎక్కువ, అందుకని సన్ బౌల్.

సన్ బౌల్ గెలిస్తే వచ్చేది ఒక ట్రోఫీ. ఛాంపియన్‌షిప్‌కి దీనితో సంబంధం లేదు. అయినా ఆటగాళ్లకి ఇది చాలా పెద్ద విషయం. జట్టులో నాలుగో సంవత్సరం కుర్రాళ్లకి కాలేజీ జెర్సీలో ఇదే ఆఖరి మ్యాచ్. వాళ్లలో చాలామంది ఆ తర్వాత మళ్లీ ఎక్కడా ఫుట్‌బాల్ ఆడరు.

సన్ బౌల్‌కి ఏమైనా ప్రత్యేకత ఉందా?

వయసులో రోజ్ బౌల్ తర్వాత వరస దీనిదే. ఆరెంజ్, షుగర్ బౌల్‌లతో పాటు 1935లో మొదలైంది. మొదటి ఏడాది హైస్కూల్ కుర్రాళ్లు ఆడారు, 1936 నుంచి కాలేజీ జట్లు ఆడుతున్నాయి. 1968 నుంచి ఒకే టీవీ సంస్థ, సీబీఎస్, దీన్ని చూపిస్తోంది.

స్టేడియం మాత్రం చూడాల్సిందే. ఎల్ పాసో సముద్రమట్టానికి దాదాపు 1,140 మీటర్ల ఎత్తున, ఎడారిలో ఉంటుంది. రియో గ్రాండే నది దాటితే మెక్సికో, అవతలి ఊరు సియుదాద్ హువారెజ్. సన్ బౌల్ స్టేడియం 1963లో ఫ్రాంక్లిన్ కొండల పాదాల దగ్గర, కొండ రాళ్ల మధ్యలోనే కట్టారు. అది టెక్సాస్ విశ్వవిద్యాలయం ఎల్ పాసో శాఖ ప్రాంగణం. ఆ ప్రాంగణంలో దాదాపు భవనాలన్నీ భూటాన్ శైలిలో ఉంటాయి. వాలు గోడలు, బయటికి పొడుచుకొచ్చిన చూరులు, పైన రంగురంగుల పట్టీలు. 1914లో ఒక పత్రికలో అచ్చయిన భూటాన్ ఫోటోలు చూసి అప్పటి డీన్ భార్య ఈ ఊహ ఇచ్చారు, 1917 నుంచి అలాగే కడుతున్నారు. టెక్సాస్ ఎడారిలో హిమాలయాల కట్టడాలు కనిపిస్తే మన కళ్లకి ఏదో తెలిసిన చోటికి వచ్చినట్టే ఉంటుంది.

రెండు జట్లూ బలహీనమైనవి కావడం వల్లే 3-0 అయిందా?

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. కాదు. రెండూ ఆ ఏడాది దేశంలోని టాప్ 25 జట్లలో ఉన్నవే. వాటి కథ తెలిస్తేనే ఈ స్కోరు ఎంత వింతో అర్థమవుతుంది.

ఒరెగాన్ స్టేట్ సంగతి ముందు చెప్తాను. ఒరెగాన్‌లోని కార్వాలిస్ అనే చిన్న ఊరి కాలేజీ. కోచ్ మైక్ రైలీ. సీజన్ మొదట్లోనే రెండు ఓటములు: స్టాన్‌ఫర్డ్ చేతిలో ఒకటి, పెన్ స్టేట్ చేతిలో 45-14తో ఇంకొకటి. ఇక ఈ ఏడాది ఇంతేలే అనుకునే సమయంలో, సెప్టెంబర్ 25న, దేశంలో నంబర్ వన్ జట్టు యూఎస్‌సీ వాళ్ల ఊరికి వచ్చింది. ఒరెగాన్ స్టేట్ 27-21తో గెలిచింది. ఆ రాత్రి జాక్విజ్ రాడ్జర్స్ అనే మొదటి సంవత్సరం కుర్రాడు, ఐదున్నర అడుగుల కాస్త పైన ఉండే పొట్టి పిల్లాడు, 186 గజాలు పరుగెత్తాడు. అంతంత ఎత్తున్న లైన్ మనుషుల వెనక దాక్కుని ఎక్కడో ఒక సందు చూసుకుని బయటికొచ్చేవాడు. అతని అన్న జేమ్స్ కూడా అదే జట్టు.

ఆ వెంటనే యూటా చేతిలో ఒకటి ఓడినా, అక్కడి నుంచి గెలుచుకుంటూ వచ్చి, ఆఖరి మ్యాచ్‌కి ఒక్క అడుగు దూరంలో నిలబడ్డారు. సొంత రాష్ట్రంలోని ప్రత్యర్థి ఒరెగాన్‌ని సొంత మైదానంలో ఓడిస్తే చాలు, రోజ్ బౌల్‌కి వెళ్లేవాళ్లు. ఒరెగాన్ స్టేట్ చివరిసారి రోజ్ బౌల్ ఆడింది 1965 జనవరి 1న. 44 ఏళ్ల నిరీక్షణ. కానీ ఒరెగాన్‌తో ఆ ఆఖరి మ్యాచ్‌లో 65-38తో ఓడిపోయారు. అరవై ఐదు పాయింట్లు ఇచ్చేశారు, సొంత మనుషుల ముందు.

అంత పెద్ద దెబ్బ తిన్న జట్టు, దాని తర్వాత ఆడిన మ్యాచ్ ఈ సన్ బౌల్. 65 ఇచ్చిన డిఫెన్సే నెల తిరిగేసరికి ఒక్క పాయింట్ కూడా ఇవ్వలేదు. నాకు ఈ మ్యాచ్ మీద ఇంత అభిమానం ఎందుకని ఎవరైనా అడిగితే ముందు చెప్పేది ఇదే.

పిట్స్‌బర్గ్‌ని అందరూ ముద్దుగా పిట్ అంటారు. కోచ్ డేవ్ వాన్‌స్టెట్‌కి ఇది నాలుగో ఏడాది, మొదటి మూడేళ్లూ బౌల్ గేమ్ మొహం చూడలేదు. ఈ ఏడాది 9 గెలిచి 3 ఓడి వచ్చారు. వాళ్ల బలం లషాన్ మెకాయ్. ఆ సీజన్‌లో 1,488 గజాలు పరుగెత్తి 21 టచ్‌డౌన్లు చేసిన రన్నర్. నవంబర్ 1న నోటర్ డామ్ మీద నాలుగు ఓవర్‌టైమ్‌లు ఆడి 36-33తో గెలిచిన జట్టు అది. పాయింట్లు చేయడం తెలియని జట్టు అని దాన్ని ఎవరూ అనలేరు.

మరి టచ్‌డౌన్ ఒక్కటి కూడా ఎందుకు రాలేదు?

ఒకే కారణం చెప్తే అబద్ధం అవుతుంది. నాకు కనిపించినవి చెప్తాను.

ఒరెగాన్ స్టేట్‌కి రాడ్జర్స్ అన్నదమ్ములిద్దరూ గాయాలతో లేరు. జాక్విజ్‌కి భుజం, జేమ్స్‌కి మెడ కింది ఎముక. ఇంట్లో సంపాదించే ఇద్దరూ మంచాన పడితే ఆ నెల ఇల్లు ఎలా గడుస్తుందో, జట్టు అలా గడిపింది. జెరెమీ ఫ్రాన్సిస్ బంతి మోశాడు. క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు విసిరే ఆటగాడు, లైల్ మోయెవావో భుజం కూడా అంతంత మాత్రంగానే ఉంది. సీజన్ అయ్యాక దానికి ఆపరేషన్ చేయించుకున్నాడు. అంటే వాళ్ల వైపు నుంచి పాయింట్లు రాకపోవడం అర్థమవుతుంది.

పిట్ వైపు కథ వేరు. మెకాయ్ ఉన్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడు. కానీ ఎదుటి డిఫెన్స్‌కి ఒక విషయం తెలుసు: మెకాయ్‌ని అదుపులో పెడితే మిగతాది వాళ్ల క్వార్టర్‌బ్యాక్ బిల్ స్టల్ విసిరే పాస్‌ల మీద ఆధారపడుతుంది. ఒరెగాన్ స్టేట్ డిఫెన్స్ కోచ్ మార్క్ బ్యాంకర్ ఆ పందెమే కాశాడు. మెకాయ్ ఆ రోజు 24 సార్లు బంతి మోసి 85 గజాలు తెచ్చాడు. చెడ్డ లెక్క కాదు, కానీ అతని స్థాయికి చిన్న లెక్క. ఒక్కసారి కూడా తెంపుకుని దూరం పోలేదు. స్టల్ 24 పాస్‌లు విసిరితే చేరినవి 7. వాటితో వచ్చింది 52 గజాలు.

ఆ పాస్‌లు ఎందుకు చేరలేదంటే, స్టల్‌కి నిలబడి చూసే సమయం ఎవరూ ఇవ్వలేదు. ఒరెగాన్ స్టేట్ డిఫెన్సివ్ ఎండ్ విక్టర్ బట్లర్ అంచు నుంచి పదే పదే వచ్చి మీద పడ్డాడు. క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసరకముందే పడగొట్టడాన్ని శాక్ అంటారు. శాక్ అంటే గజాలు వెనక్కి పోవడం, డౌన్ ఖర్చైపోవడం. రెండో డౌన్‌లో శాక్ పడితే మూడో డౌన్‌కి 15 గజాలో 18 గజాలో కావాలి. అప్పుడు ఏం చేస్తారో ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది. మ్యాచ్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి ఆ బట్లర్‌కే ఇచ్చారు. స్కోరు 3-0 అయిన మ్యాచ్‌లో డిఫెన్స్ వాడికి ఆ గౌరవం దక్కడం నాకు చాలా న్యాయంగా అనిపించింది. మరుసటి ఏడాది ప్రొఫెషనల్ జట్టు డాలస్ కౌబాయ్స్ అతన్ని తీసుకుంది.

ఇంకొక మాట. సీజన్ ఆఖరి మ్యాచ్‌కి, బౌల్‌కి మధ్య నెల రోజుల ఎడం ఉంటుంది. ఆ నెలలో కోచ్‌లు ఎదుటి జట్టు వీడియోలన్నీ తిరగేస్తారు. డిఫెన్స్‌కి అది పండగ. ఆఫెన్స్‌కి మాత్రం నెలపాటు మ్యాచ్ ఆడకపోతే చేతులు మొద్దుబారతాయి, పాస్ విసిరేవాడికీ అందుకునేవాడికీ మధ్య ఆ అరక్షణం తాళం తప్పుతుంది.

ఆ మూడు పాయింట్లు ఎలా వచ్చాయి?

జస్టిన్ కహూట్ కొట్టిన 44 గజాల ఫీల్డ్ గోల్. మొదటి సగం ముగియడానికి రెండు నిమిషాల పైన ఉంది.

44 గజాలు అంటే సుమారు 40 మీటర్లు. లెక్క ఇలా ఉంటుంది: గోల్ పోస్టులు ఎండ్ జోన్ వెనక గీత మీద ఉంటాయి కాబట్టి పది గజాలు అక్కడే పోతాయి. బంతిని వెనక్కి అందించి నేల మీద నిలబెట్టడానికి ఏడు గజాలు. కాబట్టి ఒరెగాన్ స్టేట్ ఆగిపోయింది గోల్ గీతకి 27 గజాల దూరంలో అన్నమాట. కాలేజీ పోస్టుల మధ్య ఖాళీ 18 అడుగుల 6 అంగుళాలు. ఎదురుగా పదకొండు మంది చేతులెత్తి దూకుతుంటే, వాళ్ల తలల మీదుగా ఆ ఖాళీలోంచి పంపాలి.

ఈ కహూటే నెల కిందట అరిజోనా మీద ఆఖరి క్షణంలో ఫీల్డ్ గోల్ కొట్టి 19-17తో జట్టుని గెలిపించాడు. ఎల్ పాసోలో మాత్రం, కొట్టిన క్షణంలో అదే మ్యాచ్ మొత్తానికి మిగిలే స్కోరు అవుతుందని అతనికీ తెలియదు, చూసేవాళ్లకీ తెలియదు. ఇంకా సగం ఆట ఉంది కదా, ఎన్నో వస్తాయిలే అనుకుంటాం. రావు.

పంట్ గురించి విడిగా చెప్తానన్నారు. బంతిని ఎదుటివాడికి ఇచ్చేయడంలో గొప్పేముంది?

ఎక్కడ ఇస్తున్నామన్నదే గొప్ప. మీరు మీ సొంత 20 గజాల గీత దగ్గర ఇరుక్కున్నారనుకోండి. తెగించి నాలుగో డౌన్ ఆడి ఓడితే ఎదుటివాడికి ఇంకో 20 గజాల దూరమే. మంచి పంట్ కొడితే అతను 60, 70 గజాలు నడవాలి. 3-0 మ్యాచ్‌లో ప్రతి పంట్‌కీ అంత విలువ. చెరువు గట్టు మీద నీళ్లు ఎటు వదలాలో చూసుకునే నీరటికాడిలాంటివాడు పంటర్. పొలం అతనిది కాదు, కోత అతనిది కాదు, కానీ అతను సరిగ్గా చేయకపోతే అందరి పంటా పోతుంది.

ఒరెగాన్ స్టేట్ పంటర్ ఆ రోజు జానీ హెకర్ అనే మొదటి సంవత్సరం కుర్రాడు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి. 2012లో ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ జట్లు కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. విడిగా ర్యామ్స్ జట్టులో చేరి, చివరికి ఆ తరంలో అత్యుత్తమ పంటర్లలో ఒకడయ్యాడు. పదేళ్ల తర్వాత, 2019 ఫిబ్రవరి 3న అట్లాంటాలో జరిగిన సూపర్ బౌల్‌లో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్లో, పేట్రియట్స్ 13-3తో ర్యామ్స్‌ని ఓడించింది. సూపర్ బౌల్స్ చరిత్రలోనే అతి తక్కువ స్కోరు అది. ఆ మ్యాచ్‌లో హెకర్ 65 గజాల పంట్ కొట్టి సూపర్ బౌల్ రికార్డు సృష్టించాడు. కాలేజీ బౌల్స్‌లో అర్ధ శతాబ్దంలో కనిపించని చిన్న స్కోరు ఒకటి, సూపర్ బౌల్స్‌లో అతి చిన్న స్కోరు ఒకటి. రెండింటిలోనూ బంతి తన్నినవాడు ఒకడే. మా ఇంట్లో ఈ ముక్క చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

బౌల్ గేమ్‌లలో ఇదే అతి తక్కువ స్కోరా?

కాదు, 0-0లు కూడా ఉన్నాయి. కానీ అవన్నీ పాతకాలపువి. 2008కి ముందు ఇంతకంటే తక్కువ స్కోరు కావాలంటే 1959 జనవరి 1 దాకా వెనక్కి వెళ్లాలి. ఆ రోజు కాటన్ బౌల్‌లో టెక్సాస్ క్రిస్టియన్, ఎయిర్ ఫోర్స్ అకాడమీ 0-0తో విడిపోయాయి. ఆ అకాడమీ పుట్టి అప్పటికి ఐదేళ్లు కూడా కాలేదు, ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

సన్ బౌల్‌లోనే 1940లో ఒకటుంది. అప్పట్లో ఇంకా ఉపాధ్యాయుల కాలేజీగా ఉన్న అరిజోనా స్టేట్, వాషింగ్టన్ నగరపు క్యాథలిక్ యూనివర్సిటీ కలిసి 0-0 ఆడాయి.

1947 కాటన్ బౌల్ కథ నాకు ఇంకా ఇష్టం. డాలస్‌లో మంచు, గడ్డకట్టిన నేల. లూసియానా స్టేట్ 271 గజాలు కదిలింది, అర్కాన్సా కదిలింది 54 గజాలే. ఫస్ట్ డౌన్లు, అంటే పది గజాలు దాటి కొత్తగా నాలుగు డౌన్లు తెచ్చుకున్న సందర్భాలు, 15కి 1. అంత ఏకపక్షంగా సాగినా స్కోరు 0-0. గోల్ గీత ముందుకి వచ్చి వచ్చి ఆగిపోయారు. ఆ చలిలో వేలాది మంది కదలకుండా కూర్చుని చూశారు. దాన్ని ఇప్పటికీ ఐస్ బౌల్ అనే పిలుస్తారు.

ఇంకా వెనక్కి వెళ్తే 1922 రోజ్ బౌల్. కాలిఫోర్నియా జట్టు ఆ రోజుల్లో అజేయం. ఎదురుగా పెన్సిల్వేనియా నుంచి వచ్చిన చిన్న కాలేజీ వాషింగ్టన్ అండ్ జెఫర్సన్. మ్యాచ్ మొత్తం ఒకే పదకొండు మందితో ఆడింది, ఒక్కరిని కూడా మార్చలేదు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ చార్లెస్ వెస్ట్, రోజ్ బౌల్‌లో ఆ స్థానంలో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు. 0-0తో ఆ చిన్న కాలేజీ కాలిఫోర్నియాని నిలబెట్టేసింది. గెలవకపోయినా ఆ సున్నాని వాళ్లు వందేళ్లుగా గర్వంగా చెప్పుకుంటున్నారు.

1936 షుగర్ బౌల్ స్కోరు 3-2, అంటే ఒక ఫీల్డ్ గోల్, ఒక సేఫ్టీ. టెక్సాస్ క్రిస్టియన్ గెలిచింది.

ఇప్పుడు 0-0 అయితే ఏం చేస్తారు?

డ్రా అనేదే లేదు. 1995 సీజన్ బౌల్స్ నుంచి ఓవర్‌టైమ్ వచ్చింది. ఒక్కో జట్టుకి 25 గజాల గీత దగ్గర బంతి ఇచ్చి తలో అవకాశం ఇస్తారు. అప్పటికీ తేలకపోతే మళ్లీ. 2021 నుంచి మూడో ఓవర్‌టైమ్‌కి వెళ్తే ఇక రెండు పాయింట్ల ప్రయత్నాలే ఒకటి తర్వాత ఒకటి. కాబట్టి పాత 0-0లు ఇక పుట్టవు.

ఈ మధ్య ఇలాంటివి వచ్చాయా?

2018 డిసెంబర్ 26న ఫీనిక్స్‌లో జరిగిన చీజ్-ఇట్ బౌల్ చాలామందికి గుర్తుంటుంది. టెక్సాస్ క్రిస్టియన్ 10, కాలిఫోర్నియా 7, అదీ ఓవర్‌టైమ్‌లో. రెండు జట్లూ కలిపి 9 పాస్‌లు ఎదుటివాళ్ల చేతుల్లో పెట్టాయి. అయితే ఆ మ్యాచ్‌నీ 2008 సన్ బౌల్‌నీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. అక్కడ తప్పులు ఎక్కువ. ఇక్కడ ఇద్దరూ ఒకరినొకరు ఆపారు.

అదే వారంలో, డిసెంబర్ 31న, పిట్ మళ్లీ సన్ బౌల్‌కే వచ్చింది. స్టాన్‌ఫర్డ్ చేతిలో 14-13తో ఓడింది. పదేళ్ల తేడాతో అదే తేదీ, అదే మైదానం, మళ్లీ చిన్న స్కోరు. పిట్ అభిమానులకి ఎల్ పాసో పేరు వింటే ఎలా ఉంటుందో ఊహించగలను. 2022లో అదే స్టేడియంలో యూసీఎల్ఏని 37-35తో ఓడించినప్పుడు వాళ్లకోసం నేనూ సంతోషపడ్డాను.

ఒరెగాన్ స్టేట్‌కి సన్ బౌల్ కొత్తా?

కొత్త కాదు. రెండేళ్ల ముందు, 2006లో, ఇదే జట్టు ఇదే కోచ్‌తో ఇదే స్టేడియంలో మిజోరీని 39-38తో ఓడించింది. ఆఖర్లో టచ్‌డౌన్ చేసి, ఒక పాయింట్ కిక్‌తో సమం చేసే వీలున్నా, రైలీ రెండు పాయింట్లకి వెళ్లాడు. యెవెన్సన్ బెర్నార్డ్ గీత దాటాడు. అంత తెగింపు చూపించిన మనిషే రెండేళ్లకి 3-0 మ్యాచ్‌లో గంటలకొద్దీ ఓపిక పట్టాడు. ఈ రెండు మ్యాచ్‌లనూ ఒకే రోజు వరసగా చూస్తే కోచ్ పని ఏంటో తెలుస్తుంది. 2003 నుంచి ఈ మ్యాచ్ దాకా రైలీ ఆడిన ఐదు బౌల్స్‌నీ గెలిచాడు.

నిజం చెప్పండి, బోర్ కొట్టదా?

మొదటిసారి చూసినప్పుడు నాకూ మొదటి క్వార్టర్ బరువుగానే నడిచింది. ఆ తర్వాత ఎక్కడ చూడాలో తెలిసింది.

మనవాళ్లకి ఇది కొత్తేం కాదు. 1983 ప్రపంచ కప్ ఫైనల్లో మనం చేసింది 183. 2024 జూన్ 9న న్యూయార్క్‌లో పాకిస్తాన్ మీద 119కే ఆలౌటయ్యాం. పాకిస్తాన్ 113 దగ్గర ఆగిపోయింది, ఆరు పరుగులతో గెలిచాం. ఆ రాత్రి బుమ్రా వేసిన ఒక్కో డాట్ బాల్‌కి మన ఇళ్లలో ఎవరైనా ఆవులించారా? బంతి బంతికీ ఊపిరి బిగబట్టాం. 240 కొట్టిన మ్యాచ్‌లో డాట్ బాల్‌కి విలువ లేదు. 119 మ్యాచ్‌లో అదే బంగారం. 3-0 మ్యాచ్‌లో ప్రతి గజం ఆ డాట్ బాల్ లాంటిది. తేడా మూడే పాయింట్లు కాబట్టి రెండో సగంలో పిట్ చేతికి బంతి వచ్చిన ప్రతిసారీ ఒక్క ఫీల్డ్ గోల్‌తో సమం, ఒక్క టచ్‌డౌన్‌తో గెలుపు. ఆట అయిపోయేదాకా ఏ జట్టూ చేజారిపోలేదు, ఏ జట్టూ గట్టునపడలేదు.

ఓడిన పిట్ ఆటగాళ్లు తర్వాత ఏమయ్యారు?

మెకాయ్‌కి ఇదే కాలేజీలో ఆఖరి మ్యాచ్. 2009లో ఫిలడెల్ఫియా ఈగల్స్ రెండో రౌండ్‌లో తీసుకుంది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పది వేల గజాలు దాటి పరుగెత్తాడు. స్టల్ వదలకుండా తిరిగొచ్చాడు. 2009లో అతనే క్వార్టర్‌బ్యాక్‌గా పిట్ 10 గెలిచి 3 ఓడింది, బౌల్ గేమ్ కూడా గెలిచింది. ఒక చెడ్డ మధ్యాహ్నాన్ని పట్టుకుని ఆటగాడిని కొలిచేవాళ్లకి నేను ఈ 2009 సీజన్ చూపిస్తాను.

మొదటిసారి చూసేవాళ్లు ఎలా చూడాలి?

బంతి వెంట పడకండి. ప్రతి డౌన్ మొదలయ్యే ముందు బంతి ఏ గీత మీద ఉందో చూడండి, ఒక కాగితం మీద రాసుకోండి. పిట్ బంతి ఎక్కడ అందుకుంది, ఎక్కడ వదిలేసింది. ఒరెగాన్ స్టేట్ ఎక్కడ అందుకుంది, ఎక్కడ వదిలేసింది. అరగంట రాశాక మీకే తెలుస్తుంది ఎవరు ఎవరిని ఎటు నెడుతున్నారో. మా నాన్న అలాగే చూశారు. ఫుట్‌బాల్ మొహం ఎరగని మనిషి, పొలం పంచాయతీల్లో గట్టు ఎవరు ఎంత జరిపారో ఇట్టే చెప్పగల మనిషి. రెండో క్వార్టర్‌లో కహూట్ కిక్ పడేసరికి ఆయన కాగితం సగం నిండింది. నాలుగో క్వార్టర్‌లో హెకర్ పంట్ కొట్టడానికి వచ్చినప్పుడు నాకంటే ముందు ఆయనే అన్నారు, "ఈ పిల్లాడు సరిగ్గా తన్నితే చాలురా".